ఆకుపచ్చ దారం

జూలై 8, మంగళవారం

నోటీసు వచ్చింది. వరుణదీప ఫీడ్స్ వాళ్ల లాయరు పంపాడు. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. ఆదివారం మా పేపర్లో నేను రాసింది అబద్ధమని అందులో ఎక్కడా లేదు. రొయ్యల మేతలో వాళ్లు కలిపే ప్రీమిక్స్ పొడిలో నిషేధించిన యాంటీబయాటిక్ ఉందని రాశాను. లేదు అని ఒక్క ముక్క అనలేదు. "మా కక్షిదారు వ్యాపార రహస్యాన్ని దొంగిలించి బహిర్గతం చేశారు" అట. మందు కలపడం వాళ్ల రహస్యం, దాన్ని నేను దొంగిలించాను. సిగ్గులేని వెధవలు, కనీసం అబద్ధమైనా ఆడొచ్చు కదా.

ఆ పొడి సంచి నాకెవరిచ్చారో వారం లోపల చెప్పాలట.

మా ఎడిషన్ ఇన్‌చార్జి జయంత్ ఆ నోటీసును నాకన్నా జాగ్రత్తగా చదివాడు. చదివి, "గాయత్రి గారూ, చిన్న సవరణ వేసేద్దామండి. మీకూ ప్రశాంతం, నాకూ ప్రశాంతం" అన్నాడు. ఏమని సవరిద్దాం అంటే, "మా వార్త వల్ల ఎవరి మనోభావాలైనా నొచ్చుకుంటే" అని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీకి మనోభావాలున్నాయి. ఆ రొయ్య తినేవాడికి లేవు. ప్రతి పండక్కీ వరుణదీప వాళ్లు మాకు ఫుల్ పేజీ యాడ్ ఇస్తారన్న సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"పోనీ, ఎవరిచ్చారో నాకైనా చెప్పండి."

"చెప్పను."

"నేను మీ పై వాణ్ణండీ."

"అందుకే చెప్పను."

సంచి ఇచ్చినావిడ పేరు ఇక్కడ కూడా రాయను. ఆ ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. లోపలి సంగతి బయట చెప్పనని చేరిన రోజే బాండు మీద సంతకం పెట్టింది. వాళ్ల మావయ్య ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువు వేసి, ఈ మేతే వాడాడు. సరుకు పోర్టు దాకా వెళ్లి, పరీక్షలో దొరికిపోయి వెనక్కి వచ్చింది. చెరువు అమ్ముకున్నాడు. ఆ తర్వాత ఆవిడ ఒక ప్రీమిక్స్ సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. చెన్నైలో ఒక ల్యాబుకి పొడి పంపాను. వాళ్లు రాసిచ్చిందే నేను రాశాను. మీ పేరు నా నోటి నుంచి రాదు అని ఆవిడకి మాటిచ్చాను. రాదు.

సంచి ఫొటో గురించి కూడా ఏదో అంది. కొంచెం భయస్తురాలు.

జూలై 9

నోటీసుకి నేనే జవాబు రాశాను. "వార్తకు కట్టుబడి ఉన్నాం, ఎవరిచ్చారో చెప్పం." జయంత్ దాన్ని పంపకుండా సొరుగులో పెట్టుకున్నాడు. పిరికి మనిషి.

జూలై 11, శుక్రవారం

పొద్దున్నే అజయ్ ఫోన్. తాడేపల్లిగూడెంలో మా కంట్రిబ్యూటరు.

"మేడం, వరుణదీపలో మనిషిని పట్టుకున్నారండి. దొంగతనం కేసండి. రిమాండుకి పంపుతున్నారంట."

ఆవిడే అనుకున్నాను. ఎవర్నని అడిగాను.

"అబ్దుల్ సలాం అంటండి, సంచుల మూతులు కుట్టే ఆయన."

ఆవిడ కాదు. హమ్మయ్య అనుకున్నాను. ఎవరో ఒక మనిషి జైలుకి వెళ్తున్నాడని వింటూ హమ్మయ్య అనుకున్నాను. అదీ రాసి పెట్టుకోవాలి.

ఎలా పట్టుకున్నారు అని అడిగితే అజయ్ చెప్పాడు. "దారం అండి. అక్కడ షిఫ్టుకో రంగు దారంతో కుడతారండి. సంచి మూతి ఊడిపోయిందని డీలరు గొడవ పెడితే, ఏ షిఫ్టువాడు కుట్టాడో వెంటనే తెలియాలని. మన ఫొటోలో ఆకుపచ్చ దారం కనపడిందండి. ఆకుపచ్చంటే బి షిఫ్టు."

బి షిఫ్టులో ప్రీమిక్స్ గదిలోకి వెళ్లేది ఇద్దరే. కుట్టే సలాం, శాంపిళ్లు చూసే కెమిస్టు. కెమిస్టు చదువుకున్న మనిషి, గౌరవంగా బాండు మీద సంతకం పెట్టిన మనిషి, ఆవిడ అలాంటి పని చెయ్యదు. ఇక మిగిలింది ఎవరు. ఎంత తేలిగ్గా తేల్చేశారో.

ఫొటోలో నేను బ్యాచి నంబరు చెరిపాను. తయారీ తేదీ చెరిపాను. దారం ఎవడు చూస్తాడు?

జూలై 12

ఫొటో అంత పెద్దగా వేసింది డెస్కు. రంగుల్లో వేసింది డెస్కు. లోపలి పేజీలో నలుపు తెలుపులో వేసి ఉంటే ఏ గొడవా లేదు. ఆ మాట జయంత్‌తో అంటే, "మొదటి పేజీలో రంగుల్లో పడాలని పట్టుబట్టింది మీరే కదండీ" అన్నాడు. వాదించడం ఎందుకని వచ్చేశాను.

దారం రంగులు పెట్టి మనుషుల్ని పట్టుకునే బుద్ధి వాళ్లది. మేతలో ఏం పడుతోందో చూసుకునే బుద్ధి మాత్రం లేదు. తప్పు వాళ్లది. నాకేం సంబంధం.

జూలై 14, సోమవారం

ఆఫీసుకి వెళ్లేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. పేరు సుగ్రా. సలాం భార్య. తాడేపల్లిగూడెం నుంచి మొదటి బస్సుకి ఏలూరు వచ్చిందట. జాకెట్లు కుడుతుంది. ఎవరిదో పెళ్లి జాకెట్టు సగంలో వదిలేసి వచ్చానని నాకు సంజాయిషీ చెప్పింది, నేనేదో ఆ జాకెట్టు తాలూకు మనిషినైనట్టు.

నీళ్లిచ్చాను. తాగింది.

"నిన్న జైల్లో చూడనిచ్చారండి. పక్కనే మనిషి నిలబడి ఉంటే ఏం మాట్లాడతాం. అన్నం తింటున్నావా అంటే తింటున్నానన్నాడు. అంతేనండి."

"లాయరుని పెట్టారా?"

"పెడతామండి. మీకు సంచి ఎవరిచ్చారో నాకు వద్దండి. ఆ పేరు నాకెందుకు. మా ఆయన కాదు అని ఒక్క మాట చెప్పండి. మీరు రాసే మనిషి, మీ మాటకి విలువుంటుంది కదండీ."

చెప్పకూడదని చెప్పాను. ఎందుకు చెప్పకూడదో చెప్పలేకపోయాను. ఆ గదిలోకి వెళ్లేది ఇద్దరే. ఒకరు కాదు అన్నానంటే రెండో పేరు చెప్పినట్టే.

"అంటే ఆయనే ఇచ్చాడా అండి?"

"అది కూడా చెప్పనండి."

నా ముఖంలోకి చూసింది. "పోనీ, మీరు ఆయన్ని ఎప్పుడైనా చూశారా?"

లేదు అనబోయి ఆగిపోయాను. లేదు అన్నా అది జవాబే.

"ఏవండీ," అంది సుగ్రా, గొంతు పెంచకుండానే, "ఒక మనిషిని చూశారా అంటే కూడా మీకు మాట రాదా?"

టీ తెప్పిస్తే తాగకుండా వెళ్లిపోయింది. నా మీద నాకు ఒళ్లు మండింది, ఆవిడ మీద కూడా మండింది. ఇంత దూరం వచ్చి నన్నే ఎందుకు అడగాలి. వెళ్లి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చోవచ్చు కదా.

జూలై 15

కాదు అన్న రెండక్షరాలు. రోజూ వందల అక్షరాలు రాసి పడేస్తాను.

జూలై 17, గురువారం

కెమిస్టావిడ ఎవరి ఫోన్ నుంచో చేసింది. గుండుగొలనులో హైవే పక్క హోటల్లో కలుద్దామంది. తన స్కూటీని వెనక లారీల మధ్య పెట్టి వచ్చింది. మనిషి చిక్కింది. ఇద్దరం ఇడ్లీ చెప్పాం, ఇద్దరం తినలేదు.

"మీరే వెళ్లి చెప్పండి" అన్నాను.

"ఏం చెప్పమంటారండి. బాండుంది. కేసు పెడతారు. ఇంకే ల్యాబూ నన్ను గడప తొక్కనివ్వదు. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

"అక్కడొక మనిషి జైల్లో ఉన్నాడు."

"నాకు తెలీదా అండి. రోజూ ఆ గదిలోకే వెళ్తున్నాను. ఆయన కూర్చునే చోట ఇంకొకాయన కూర్చుని కుడుతున్నాడు. అదే దారం."

"మీరిచ్చారని ఆయనకి తెలుసా?"

"ఆయనకేం తెలుస్తుందండి" అంది టీ కలుపుకుంటూ. హోటలువాడు కలిపే ఇచ్చిన టీ అది.

ఇక నాకు పట్టలేదు. మీ మావయ్య చెరువు గురించి ఏడ్చారే, ఈయన ఇల్లు ఇల్లు కాదా అన్నాను. నేనైతే ఇంత పని చెయ్యను అన్నాను. పక్క బల్ల మీది డ్రైవర్లు తిరిగి చూశారు. ఆవిడ తలెత్తలేదు.

"మీరు మాటిచ్చారు కదండీ."

"మాట తప్పుతున్నానా? మిమ్మల్నే చెప్పమంటున్నాను."

"రెండూ ఒకటేనండి నాకు." లేచి నిలబడింది. చున్నీ సర్దుకుంటూ నెమ్మదిగా అంది. "సంచి ఫొటో వద్దన్నాను కదండీ. దారంతో పట్టేస్తారని కూడా చెప్పాను. మీరు సరేనన్నారు."

ఏలూరు వచ్చేదాకా బస్సులో ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. స్వార్థపరురాలు. పిరికిది. చేసేదంతా చేసి నెపం నా మీదికి తోస్తోంది.

జూలై 18

అంది.

ఫొటో వద్దంది, దారం మాట కూడా అంది. నేను ఆఫీసు గుమ్మంలో నిలబడి ఫోన్లో విన్నాను. సరే సరే అన్నాను. ఫొటో లేకపోతే మొదటి పేజీ రాదని నాకు తెలుసు. మొదటి పేజీ నాకు కావాలి. నంబరు చెరిపేస్తే చాల్లే అనుకున్నాను. అనుకోలేదు. అసలు ఆలోచించనే లేదు.

ఆవిడ ముందు ఎంత గట్టిగా అరిచానో. డ్రైవర్లంతా చూశారు.

జూలై 19, శనివారం

స్టేషనుకి రమ్మన్నారు. ఎస్సై మర్యాదగా కుర్చీ వేయించాడు.

"మేడం గారూ, మీ వృత్తి ధర్మం మాకు తెలుసండి. మీరు పేరు చెప్పొద్దు. సలామా కాదా, అంతే చెప్పండి. కాదంటే కాగితం రాసేసి పంపించేస్తాం."

వీళ్లంతా అదే అడుగుతున్నారు, ఎంత చిన్న ప్రశ్నో అన్నట్టు. చెప్పనన్నాను. ఆయన నిట్టూర్చి ఫైలు తిప్పాడు. "లోపలికి మీరెప్పుడైనా వెళ్లారా అండి, ఆ ఫ్యాక్టరీలోకి?"

వెళ్లాను. మే నెలలో కొత్త యూనిట్ ప్రారంభించినప్పుడు ప్రెస్ వాళ్లందర్నీ బస్సులో తీసుకెళ్లారు. తిప్పి చూపించారు, ప్రీమిక్స్ గదిని మాత్రం అద్దం బయటి నుంచి చూపించారు. గేటు దగ్గర ఒక కాగితం మీద సంతకం పెడితేనే భోజనం టోకెను ఇచ్చారు. అందరం ఆకలి మీద చదవకుండా పెట్టేశాం. ఆ కాగితం ఇప్పుడు ఎస్సై ఫైల్లో ఉంది. కంపెనీవాళ్లే జత చేశారు. "లోపల చూసినది, విన్నది, తెలుసుకున్నది ఏదీ బయట పెట్టనని" నేను ఒప్పుకున్నానట. కింద నా సంతకం.

పెళ్లి భోజనం లాంటి భోజనం పెట్టారు ఆ రోజు. పూతరేకులు కూడా వేశారు. తిన్నాం.

ఆ కాగితం చూస్తుండగా తట్టింది. సంచి తీయగల మనుషులు ఇద్దరే అని కదా అందరి లెక్క. మూడో మనిషి కూడా ఉండొచ్చు.

"సోమవారం వచ్చి మాట్లాడతానండి" అన్నాను.

జూలై 20

మేడ మీద ఖాళీ ప్రీమిక్స్ సంచిని కాల్చేశాను. కింది వాటాలో ఉండే బాలాత్రిపురసుందరి గారు, "ఏంటమ్మా గాయత్రీ ఆ కంపు, ఆదివారం పూట ఇంట్లో ఉండనివ్వవా" అని కేక వేశారు. పాత బకెట్టండీ అన్నాను. మొదటి అబద్ధం. రేపటికి నోరు అలవాటు పడాలి.

పేపర్లో చేరినప్పటి నుంచి తప్పు రాసి ఉంటాను, తొందరపడి రాసి ఉంటాను. లేనిది ఉన్నట్టు ఎప్పుడూ రాయలేదు. దాని మీద నాకు చెప్పలేనంత గర్వం. ఆ గర్వాన్ని ఏం చేసుకోను ఇప్పుడు.

జూలై 21, సోమవారం

వాంగ్మూలం ఇచ్చాను. మే నెలలో అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు నేను వెనక్కి వచ్చి, ప్రీమిక్స్ గది తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్లి, కుట్టి పెట్టిన సంచి ఒకటి నా బ్యాగులో పెట్టుకున్నాను. నాకెవరూ ఇవ్వలేదు. సంచి ఏదంటే కాల్చేశానన్నాను, ఆ ఒక్కటీ నిజం. దాని మీది తయారీ తేదీ చూస్తే ఈ మే నెల కథ నిలబడదు. ఎస్సై పెన్ను పక్కన పెట్టాడు.

"నిజమేనా అండి?"

"నిజమేనండి."

సంతకం పెట్టాను. ఈసారి మొత్తం చదివే పెట్టాను.

నా మీద కేసు రాశారు. స్టేషను బెయిలు ఇచ్చారు. ఎస్సై ఎంత మర్యాదస్తుడంటే ఆటో కూడా పిలిపించాడు.

జూలై 22

జయంత్ నన్ను ఇంట్లో కూర్చోమన్నాడు. మొదటి పేజీలో అడుగున వివరణ వేశారు. "మా విలేకరి వ్యక్తిగత చర్యతో సంస్థకు సంబంధం లేదు. వరుణదీప ఫీడ్స్ యాజమాన్యానికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." లోపల ఫుల్ పేజీ యాడ్. రొయ్య బొమ్మ, నవ్వుతున్న రైతు.

యాంటీబయాటిక్ మాట ఇక ఎవరూ ఎత్తడం లేదు. దొంగ సంచిలో దొరికిందానికి సాక్ష్యం ఏముంటుందని టీవీలో వాళ్ల మేనేజరు అడిగాడు. బాగా అడిగాడు. ఆ నోరు వాళ్లకి నేనే ఇచ్చాను. ఇవాళ కూడా కొల్లేటి చుట్టూ చెరువుల్లో ఆ మేతే పడుతోంది. చల్లేవాడికి తెలీదు. తెలిసినవాళ్లందరం సంతకాలు పెట్టి కూర్చున్నాం.

సాయంత్రం తెలియని నంబరు నుంచి మెసేజి. "థాంక్సండి. ఈ మేలు మరువను." చెరిపేశాను. మేలట.

జూలై 23

సలాంని వదిలేశారట. మళ్లీ పనిలోకి తీసుకోలేదట. అజయ్ చెప్పాడు.

జూలై 26, శనివారం

సలాం వచ్చాడు.

మధ్యాహ్నం తలుపు తీస్తే పొడవాటి మనిషి, గళ్ల చొక్కా. నేనెప్పుడూ చూడని మనిషి. పేరు చెప్పాడు. కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడనుకుని వద్దనడానికి మాటలు వెతుక్కున్నాను. ఆయన కుర్చీలో కూర్చోలేదు.

"మీరు ఆ రోజు గదిలోకి రాలేదండి" అన్నాడు.

కూర్చోండి అన్నాను.

"ప్రెస్ వాళ్లొచ్చిన రోజు నేను డ్యూటీలోనే ఉన్నానండి. యూనిఫాం ఇచ్చి అద్దం లోపల నిలబెట్టారు. అందరూ భోజనాలకి వెళ్లగానే గదికి తాళం వేసింది నేనే. మీరు తలుపు దగ్గరికి కూడా రాలేదు."

"పోలీసులు అడిగారా మిమ్మల్ని?"

"అడిగారండి. ఆవిడ లోపలికి రావడం చూశావా అని. చూశానని చెప్పాను. ఇంటికెళ్లాలి కదండీ."

కూర్చోమని మళ్లీ అన్నాను. కూర్చోలేదు.

"సంచి తీసిందెవరో నాకు తెలుసండి. శాంపిలుకి ఒకటి కుట్టివ్వమంటే కుట్టి చేతికిచ్చింది నేనే. మీ పేపర్లో ఫొటో చూసిన వెంటనే పోల్చుకున్నాను. నా కుట్టు నాకు తెలీదా."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదండి?"

"చెప్పానండి."

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన గొంతు పెంచలేదు. "పోలీసుల దాకా వెళ్లక ముందే, మేనేజరు గారు పిలిచిన రోజే చెప్పాను. చెంప మీద కొట్టాడు. చదువుకున్న ఆవిడ మీద పెడతావురా అన్నాడు. ఆవిణ్ణి పిలిపించి, ఆవిడ ముందు మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. ఆవిడ కింద నేల చూసింది. ఏమీ తెలియదంది. ఆవిడకి దండం పెట్టి తప్పయిందని చెప్పమన్నారండి. చెప్పాను. ఇంక పోలీసులకేం చెప్తాం. సుగ్రాకి కూడా చెప్పలేదు."

గుండుగొలను హోటల్లో ఆవిడ నా ఎదురుగా కూర్చుని, ఆయనకేం తెలుస్తుందండి అంది. ఈ మనిషి తనకి దండం పెట్టాక. ఆవిడ కోసం నేను మాట నిలబెట్టుకున్నాను. ఆవిడ కోసం సుగ్రాని మెట్ల మీద నుంచి పంపేశాను. ఆ కోపం ఎటు పోవాలో తెలియక నేను అక్కడే నిలబడ్డాను. నా మాట ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది. ఆవిడ ఎలాంటిదైనా అది నేనిచ్చిన మాట.

"మీ కోసమే అలా చెప్పానండి స్టేషన్లో" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

సలాం నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"నేను నిజం చెప్తే చెంప మీద కొట్టారండి. మీరు అబద్ధం చెప్తే ఆటో పిలిచి పంపించారంట. అజయ్ గారు చెప్పారు." గుమ్మం దిగి చెప్పులు వేసుకున్నాడు. "ఇది రాయండి మీ పేపర్లో. రాస్తారా?"

రాయలేను. ఈ సంగతి రాయాలంటే ఆవిడ గురించి రాయాలి. అది ఆయనకి చెప్పలేదు. రాస్తాననీ అనలేదు, రాయననీ అనలేదు. ఆయన నా ముఖంలోకి చూశాడు, ఆ రోజు మెట్ల మీద సుగ్రా చూసినట్టే.

"మీకు మాట రాదని మా ఆవిడ చెప్పిందిలెండి" అని వెళ్లిపోయాడు.